ప్రకృతి వైద్యం : వృత్తి, విమర్శ

గుత్తి కొండ పాదాన ఆంగ్లేయుల కాలం నాటి శ్మశానవాటిక ఒకటి ఉంది. 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి మరణించిన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోను తొలుత ఖననం చేసింది అక్కడే. ఆ తరువాత ఆయన అవశేషాలను మద్రాసుకు తరలించారు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసి, రైతుల అభిమానాన్ని చూరగొన్న వ్యక్తి ఆయన. తమ బిడ్డలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకొన్న తల్లిదండ్రులు ఈ సీమలో ఉండేవారని ప్రతీతి. ఒక రాష్ట్రాన్ని ఏలే అధికారం చేతిలో ఉన్నా, ఒక్కరోజు వ్యాధి నుంచి ఆయనను కాపాడగల వైద్యం నాడు ఎవరి వద్దా లేదు.

ఆ కాలపు ఐరోపా వైద్యులు కలరా రోగికి సాధారణంగా చేసే చికిత్స ఏమిటో తెలిస్తే నేటి విద్యార్థి ఆశ్చర్యపోతాడు. నరం కోసి రక్తం తీసేవారు. పాదరసంతో చేసిన లవణాన్ని మింగించేవారు. నల్లమందు ఇచ్చేవారు. విరేచనాలతో శరీరంలోని నీరంతా పోయి దాహంతో అలమటించే రోగికి నీరు ఇవ్వరాదని చెప్పినవారూ ఉన్నారు. వైద్యమే వ్యాధికి తోడై రోగిని కడతేర్చిన సందర్భాలు తక్కువేమీ కావు. ప్రకృతి వైద్యం పుట్టుకను అర్థం చేసుకోవాలంటే ఈ నేపథ్యం తెలియాలి. అది ఆనాటి వైద్యుని చేతి కత్తి మీద, పాదరసం మీద సామాన్యుడు చేసిన తిరుగుబాటు.

మన్రో మరణించిన ఆ దశాబ్దంలోనే, మధ్య ఐరోపాలోని గ్రాఫెన్‌బర్గ్ అనే కొండపల్లెలో విన్సెంట్ ప్రీస్నిట్జ్ అనే రైతు చన్నీటి చికిత్సను ప్రారంభించాడు. బండి కింద పడి విరిగిన తన పక్కటెముకలకు తడిగుడ్డలు చుట్టుకొని కోలుకొన్నాననే అనుభవమే అతనికి శాస్త్రం. అతని చికిత్సాలయానికి రాజులు, సేనానులు సైతం వచ్చారు. తరువాత బవేరియాకు చెందిన సెబాస్టియన్ నైప్ అనే మతాచార్యుడు, లీప్‌జిగ్ నగరానికి చెందిన లూయీ కూనే ఆ మార్గాన్ని విస్తరించారు. తొట్టి స్నానం మన దేశానికి ప్రధానంగా కూనే ద్వారానే వచ్చింది. ఆయన గ్రంథాన్ని 1894లో వెంకటచలపతి శర్మ తెలుగులోనికి అనువదించారు. హిందీ, ఉర్దూ అనువాదాలు వెలువడినది 1904లో. అంటే ఈ వైద్యం భారతీయ భాషలలోనికి ప్రవేశించిన తొలి ద్వారాలలో తెలుగు ఒకటి. దీనిని మన పూర్వుల వైద్యమని చాలామంది భావిస్తారు. లంఖణం పరమౌషధమనే మాట మనకు పాతదే కావచ్చు గాని, తొట్టి స్నానము, తడిగుడ్డ చుట్టు జర్మన్ గ్రామాల నుంచి వచ్చినవే. ఒక విద్య ఎక్కడ పుట్టిందన్నది దాని విలువకు కొలమానం కాదు కనుక ఇందులో చిన్నతనమేమీ లేదు.

గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడే కూనే గ్రంథాన్ని, అడాల్ఫ్ యుస్ట్ గ్రంథాన్ని చదివి మట్టిపట్టీలను, తొట్టి స్నానాలను తన మీద, తన కుటుంబం మీద ప్రయోగించారు. 1946లో పూనా సమీపంలోని ఉరులీకాంచన్ గ్రామంలో పేదల కోసం ప్రకృతి చికిత్సాలయాన్ని నెలకొల్పారు. ఆయన ప్రభావంతో తెలుగునాట భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు, హైదరాబాదులో బి. వెంకటరావు వంటివారు ఈ వైద్యానికి జీవితాలను అంకితం చేశారు. హైదరాబాదు అమీర్‌పేట ప్రాంతంలోని ప్రకృతి చికిత్సాలయం, దానికి అనుబంధంగా వెలసిన గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఆ కృషి ఫలితాలే. అయితే గాంధీజీ జీవితంలోని మరొక ఘట్టాన్ని ప్రకృతి వైద్యాభిమానులు అంతగా ప్రస్తావించరు. 1924 జనవరిలో ఆయనకు ఉండుకపుచ్ఛం వాచినప్పుడు, పూనాలోని ససూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ అనే ఆంగ్లేయ శస్త్రవైద్యుడు ఆపరేషన్ చేశాడు. గాంధీజీ అంగీకార పత్రం మీద సంతకం చేసి కత్తికి ఒడ్డుకొన్నారు. మట్టిపట్టీ ఎక్కడ ఆగాలో ఆయన ఆనాడు గ్రహించారు.

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివిన విద్యార్థులకు నేడు ఈ విద్య ఒక పట్టాగా లభిస్తున్నది. బి.ఎన్.వై.ఎస్. అని పిలిచే ఈ కోర్సులో నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఆసుపత్రి శిక్షణ ఉంటాయి. శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, రోగనిర్ధారణ వంటి విషయాలను ఇతర వైద్య విద్యార్థుల వలెనే చదవవలసి ఉంటుంది. వాటితో పాటు జలచికిత్స, మట్టి చికిత్స, మర్దనం, ఉపవాసం, ఆహారశాస్త్రం, యోగం ఉంటాయి. ఎం.బి.బి.ఎస్. సీటుకు చాలిన ర్యాంకు రాలేదనే కారణంతో ఇందులో చేరేవారే ఎక్కువమంది. అట్లా చేరడం తప్పు కాదు. కాని, పోగొట్టుకొన్న దానికి బదులుగా దొరికినదనే భావంతో ఐదున్నర ఏళ్ళు గడపడం ఏ విద్యకైనా అన్యాయమే.

ఈ వృత్తిలో లభించే మొదటి ఫలం రోగితో గడిపే సమయం. ప్రభుత్వాసుపత్రి బయటి రోగుల విభాగంలో వైద్యుని ఎదుట ఒక్కొక్క రోగికి దొరికేది కొద్ది నిమిషాలు. ప్రకృతి వైద్యుడు మాత్రం రోగిని కూర్చోబెట్టి ఎప్పుడు లేస్తాడో, ఏమి తింటాడో, ఎంత దూరం నడుస్తాడో, రాత్రి నిద్ర పడుతుందో లేదో తీరికగా అడగగలడు. రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం, మోకాళ్ళ నొప్పుల వంటి దీర్ఘవ్యాధులలో మాత్రల ఎంపిక ఎంత ముఖ్యమో ఈ ప్రశ్నలూ అంతే ముఖ్యం. ఇది కేవలం నమ్మకం కాదు. మధుమేహం వచ్చే దశకు చేరువైన వారి మీద అమెరికాలో జరిపిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. బరువు తగ్గించుకొని క్రమంగా వ్యాయామం చేసినవారిలో మధుమేహం 58 శాతం తగ్గగా, మందు వాడినవారిలో 31 శాతమే తగ్గింది. చెన్నై పరిశోధకులు మన దేశీయుల మీద మూడేళ్ళు జరిపి 2006లో ప్రకటించిన పరీక్షలో జీవనశైలి మార్పు వలన తగ్గుదల 28 శాతం, మందు వలన 26 శాతం. అమెరికాలో ఉన్నంత ఫలితం ఇక్కడ రాలేదు గాని, మాత్రతో సమానంగానైనా నడక నిలిచింది. ఆ నడకను రోగి చేత నడిపించడమే కష్టం. ఆ కష్టమే ప్రకృతి వైద్యుని వృత్తి.

ఎండాకాలంలో గుత్తి స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడినవారికి జలచికిత్స విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా మరణించారు. వడదెబ్బ తగిలిన వ్యక్తిని నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, గాలి విసరి, శరీరపు వేడిని వేగంగా దించాలని ఆధునిక వైద్యం కూడా చెబుతుంది. నీరు ఆవిరి అయ్యేటప్పుడు వేడిని గ్రహిస్తుందన్న భౌతికశాస్త్ర సూత్రమే ఇక్కడి మందు. ఇంత పరిచయమైన సాధనంతో ప్రాణం నిలబెట్టగలగడం వైద్యునికి ఎంత తృప్తినిస్తుందో ఊహించవచ్చు. అయితే స్పృహ తప్పిన రోగిని తడుపుతూనే ఆసుపత్రికి తరలించాలన్న వివేకం కూడా ఆ చికిత్సలో భాగమే.

వైద్యుడు తాను చెప్పినది తాను ఆచరించవలసి రావడం ఈ వృత్తికి గల మరొక విశేషం. సిగరెట్టు కాల్చే హృద్రోగ నిపుణుని రోగులు క్షమిస్తారేమో గాని, బజారులో మిరపకాయ బజ్జీలు తింటూ కనిపించిన ప్రకృతి వైద్యుని మాత్రం క్షమించరు. ఇది ఫలమో, శిక్షో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి.

ఇక విమర్శలు. వీటిని ద్వేషంతో పుట్టినవని కొట్టివేసే అలవాటు ఈ రంగంలో కొందరికి ఉంది. అది విద్యకు మేలు చేయదు.

మొట్టమొదటి విమర్శ మూల సిద్ధాంతానికి సంబంధించినది. వ్యాధులు అనేకం కావని, శరీరంలో పేరుకొన్న మాలిన్యమే సకల వ్యాధులకూ ఏకైక కారణమని కూనే బోధించాడు. మన వ్యాకరణంలో ప్రకృతి, వికృతి అనే మాటలు మీకు పరిచితాలే. వైద్యుడు ప్రకృతి, వెజ్జు వికృతి. ఈ వైద్యుల దృష్టిలో ఆరోగ్యమే ప్రకృతి, రోగం దాని వికృతి. ఒకే మూలానికి అన్నీ రూపాంతరాలు. వినడానికి అందమైన భావనే. కాని కూనే గ్రంథం తెలుగులోనికి రావడానికి పుష్కరకాలం ముందే, 1882లో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. కొద్దికాలానికే కలరా క్రిమి కూడా అతనికి పట్టుబడింది. క్షయకు ఒక కారణం, మలేరియాకు మరొక కారణం, పుట్టుకతో వచ్చే గుండె లోపానికి ఇంకొక కారణం ఉన్నాయని తేలిన తరువాత ఏకకారణ సిద్ధాంతం నిలవదు. పాఠ్యగ్రంథంలో ఒక పుటలో సూక్ష్మజీవశాస్త్రాన్నీ, మరొక పుటలో ఏకకారణ సిద్ధాంతాన్నీ చదివే విద్యార్థి రెంటిలో దేనిని నమ్మాలో తానే తేల్చుకోవలసి వస్తున్నది.

రెండవ విమర్శ పరీక్షకు సంబంధించినది. కంటిపాపను చుట్టి ఉండే రంగు వలయాన్ని చూసి శరీరంలోని వ్యాధులను చెప్పవచ్చుననే పద్ధతి ప్రకృతి వైద్య బోధనలో చాలాకాలంగా ఉన్నది. 1979లో అమెరికాలో దీనిని పరీక్షించారు. మొత్తం 143 మంది కళ్ళ ఛాయాచిత్రాలను ఆ విద్యలో నిపుణులైన ముగ్గురికి చూపి, వారిలో మూత్రపిండాల వ్యాధి ఉన్నవారెవరో చెప్పమన్నారు. నిపుణుల జవాబులకు, ఊహతో చెప్పే జవాబులకు తేడా లేదు. ఇటువంటి ఫలితం వచ్చిన తరువాత ఆ పద్ధతిని విడిచిపెట్టడమే శాస్త్రధర్మం. అయస్కాంత చికిత్స, రంగుసీసాల నీటి చికిత్స కూడా ఇదే ప్రశ్నను ఎదుర్కొంటున్నాయి. మట్టిపట్టీకి నకిలీ మట్టిపట్టీని తయారు చేయలేము కనుక మా చికిత్సలను మాత్రల వలె పరీక్షించడం కుదరదని వైద్యులు అంటారు. అందులో కొంత నిజం ఉంది. అయినా చికిత్స పొందినవారిని, పొందనివారిని సమానంగా ఎన్నుకొని పోల్చడం అసాధ్యమేమీ కాదు. పైన చెప్పిన చెన్నై పరిశోధనలో నడకకు నకిలీ నడక లేదు కదా!

కలరా చరిత్రే దీనికి గొప్ప నిదర్శనం. మన్రో మరణించిన 144 సంవత్సరాలకు, 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, పశ్చిమ బెంగాలులోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలింది. నరాలకు ఎక్కించే సెలైను నిండుకొన్నది. అప్పుడు దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు నీటిలో ఉప్పు, గ్లూకోజు, కొంచెం సోడా లవణం కలిపి డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేత తాగించాడు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు నాలుగు లోపునకు పడిపోయాయి. నీరు, ఉప్పు, చక్కెర — ఇంతకంటె ప్రకృతిసిద్ధమైన మందు ఏమున్నది? అయితే దానికి ఆ శక్తి ప్రకృతి నుంచి వచ్చినందువలన కలగలేదు. చక్కెర ఉంటేనే పేగు ఉప్పును, నీటిని పీల్చుకొంటుందని ప్రయోగశాలలో కనుగొన్నారు. ఎంత పాళ్ళలో కలపాలో కొలిచారు. ఫలితాలను లెక్కించారు. ప్రీస్నిట్జ్ వద్ద నీరు ఉంది, లెక్క లేదు. మహలనబిస్ వద్ద రెండూ ఉన్నాయి.

అన్నిటికంటె తీవ్రమైన విమర్శ ఆలస్యం వలన జరిగే హాని. దీనికి మధుమేహమే ఉదాహరణ. పెద్ద వయసులో, బరువు పెరిగి వచ్చే మధుమేహం ఆహార నియమంతో గణనీయంగా తగ్గవచ్చు. కొందరిలో మందులు ఆపగలిగే స్థితి కూడా వస్తుంది. కాని పిల్లలలో వచ్చే మొదటి రకం మధుమేహం వేరు. అందులో క్లోమం ఇన్సులిన్‌ను దాదాపు పూర్తిగా ఉత్పత్తి చేయలేకపోతుంది. ఇన్సులిన్ లేని రోజులలో ఫ్రెడరిక్ ఆలెన్ అనే అమెరికా వైద్యుడు అటువంటి పిల్లలను కఠినమైన ఉపవాసంతో కొంతకాలం బతికించగలిగాడు. వారు ఎముకల గూళ్ళై, చివరకు ఆకలితోనో, వ్యాధితోనో మరణించేవారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో 14 ఏళ్ళ బాలునికి తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చిన తరువాతనే ఆ కథ మారింది. ఉపవాసం ఎంత చేయగలదో, ఎక్కడ ఓడిపోతుందో అక్కడే తేలిపోయింది. నేడు ఎవరైనా వైద్యుడు అటువంటి బిడ్డకు సూది మాన్పించి రసాలు తాగిస్తే, కొద్దిరోజులలోనే ప్రాణం పోతుంది. క్షయకు మందులు ఆపించడం, రొమ్ములో గడ్డను మట్టితో కరిగిస్తామనడం ఈ కోవలోనివే. ఇట్లా వాగ్దానం చేసేవారిలో పట్టా లేనివారే ఎక్కువ అని పట్టభద్రులు వాపోతారు. ఆ బాధ న్యాయమైనదే. కాని, అటువంటివారిని ముందుగా ఖండించవలసినది పట్టభద్రులే.

ఈ కరువు పీఠభూమిలో ప్రకృతి వైద్యునికి పుస్తకాలలో లేని చిక్కులు కూడా ఎదురవుతాయి. రోజుకు చాలా నీరు తాగమనడం ఈ వైద్యంలో సర్వసాధారణమైన సలహా. అనంతపురం జిల్లాలోని అనేక గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు పళ్ళను, ఎముకలను పాడుచేస్తుంది. తాగునీటి కోసం 1990లలో సత్యసాయి పథకం అవసరమైన జిల్లా ఇది. భూగర్భం నుంచి వచ్చిన ఫ్లోరైడు కూడా ప్రకృతే. ఏ బావి నీరో విచారించకుండా చెంబులు చెంబులు తాగించే వైద్యుడు మేలు చేయబోయి కీడు చేస్తాడు.

ఉపవాసం సంగతీ అంతే. 1876–78 నాటి ధాత కరువును చూసిన నేల ఇది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సగానికి మించి రక్తహీనత ఉన్నవారే. పట్టణంలో అతిగా తిని బరువెక్కిన వ్యాపారికి చెప్పే లంఖణాన్నే, కలుపుతీతకు వెళ్ళే రక్తహీనురాలికి చెబితే అది వైద్యం కాదు. పది రోజులు చికిత్సాలయంలో ఉండమంటే ఆమెకు పది రోజుల కూలి పోతుంది. నివాస చికిత్సాలయాలు పెక్కు చోట్ల సంపన్నుల విశ్రాంతి గృహాలుగా మారాయన్న విమర్శకు ఇక్కడ అర్థం దొరుకుతుంది. గాంధీజీ ఉరులీకాంచన్‌ను ఎన్నుకొన్నది పల్లె అని, పేదలది అని.

ఆహార విషయంలో మాత్రం ఈ సీమ వైద్యునికి ఒక వరం ఉంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఈ నేలలో కొర్ర, ఆరిక, సజ్జ, జొన్న పండేవి. రాగి సంగటి, జొన్నరొట్టె ఇంటింటి తిండి. చెనిక్కాయ వచ్చి ఆ పంటలను చాలావరకు తరిమివేసింది. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది గాని, పళ్ళెంలో తెల్లన్నాన్ని స్థిరపరచింది. ఇప్పుడు చిరుధాన్యాలు మళ్ళీ గౌరవం పొందుతున్నాయి. కాని దుకాణంలో కొర్రబియ్యం ధర చౌకబియ్యం కంటె ఎన్నో రెట్లు. కొర్ర తినమని రాసి ఇచ్చేముందు అది రోగి పొలంలో పండుతుందా, లేక సంతలో కొనాలా అని అడిగే వైద్యుడే ఇక్కడ రాణిస్తాడు.

చట్టపరమైన స్థితిని కూడా విద్యార్థి ముందే తెలుసుకోవాలి. యోగ, ప్రకృతి వైద్యాలు కేంద్రంలో ఆయుష్ శాఖ పరిధిలోనివే. అయినా, 2020లో భారతీయ వైద్య పద్ధతుల కోసం చేసిన జాతీయ కమిషన్ చట్టంలో ఆయుర్వేద, సిద్ధ, యునానీ, సోవారిగ్పా వైద్యాలకు దొరికిన స్థానం ప్రకృతి వైద్యానికి దొరకలేదు. నమోదు, గుర్తింపు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. తాను చదవని పద్ధతిలో మందులు ఇచ్చిన వైద్యుడు నిర్లక్ష్యానికి బాధ్యుడని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులోని వైద్యుడు హోమియో పట్టభద్రుడు, ఇచ్చినవి అల్లోపతి మందులు. ఆదాయం చాలక ప్రకృతి వైద్యులు కూడా ఆ దారి తొక్కే ప్రమాదం ఉన్నది. మధుమేహాన్ని, క్యాన్సరును నయం చేస్తామని మందులకు ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ ప్రకటనలు నేటికీ గోడల మీద కనబడుతూనే ఉండడం వేరే సంగతి.

ప్రవేశ నియమాలు ఏటి ప్రకటనను బట్టి మారుతుంటాయి కనుక వాటిని ఆయా సంవత్సరం చూసుకోవలసిందే. దరఖాస్తు పెట్టేముందు తల్లిదండ్రులతో కలసి కళాశాల ఆసుపత్రికి ఒక ఉదయం వెళ్ళి రావడం మంచిది. పచ్చికబయళ్ళు, స్నానశాలల గచ్చు చూసి రావడం కాదు. బయటి రోగులు నిజంగా వస్తున్నారా, చేరిన రోగికి తొట్టి స్నానానికి ముందు రక్తపోటు, చక్కెర కొలుస్తున్నారా, రోగి వాడుతున్న మందులను ఎవరిని సంప్రదించి తగ్గిస్తున్నారు అని అడగాలి. తమ వల్ల కాదని పెద్దాసుపత్రికి పంపిన రోగుల వివరాలు రాసే పుస్తకం ఉందా అని కూడా అడగాలి. ఉందంటే, అందులో చివరి పేరు ఏ తేదీన రాశారో చూడాలి.